ఇల్లు చూడకముందే డబ్బు అడిగితే

జనవరి దగ్గరపడితే డర్బన్‌లో అద్దె ఇళ్ళ వెతుకులాట మొదలవుతుంది. యూనివర్సిటీలో సీటు వచ్చిన పిల్లలు, కొత్త ఉద్యోగంలో చేరేవాళ్ళు, టొంగాట్ నుండీ వెరులం నుండీ నగరంలోకి మారేవాళ్ళు, అందరూ ఒకేసారి ఫోన్లు పట్టుకుని ఫ్లాట్లు వెతుకుతారు. మోసగాళ్ళు కూడా ఈ నెల కోసమే ఎదురుచూస్తారు. మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు వెతుకుతుంటే ఈ వ్యాసం వాళ్ళకు చదివి వినిపించండి. తెలుగు వినడం కూడా అలవాటవుతుంది.

ముందు రెండు మాటలు నేర్చుకుందాం. బేరం కుదిరినట్టు గుర్తుగా ముందే ఇచ్చే కొద్ది డబ్బును తెలుగులో బయానా అంటారు. డిపాజిట్ వేరు. అది మీరు ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీకు తిరిగి రావలసిన డబ్బు. మోసగాడు ఈ రెండిటినీ కలిపేస్తాడు. "ఇల్లు మీ కోసం ఆపి ఉంచాలంటే డిపాజిట్ మొత్తం ఈ రాత్రికే పంపండి" అంటాడు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి ఇలాగే జరిగింది. గ్లెన్‌వుడ్‌లో ఫ్లాట్, నెలకు 4,500 ర్యాండ్లు. ఫొటోలు చాలా బాగున్నాయి. అదే వీధిలో అలాంటి ఫ్లాట్లకు అంతకంటే చాలా ఎక్కువ అద్దె ఉంది. యజమాని తాను కేప్‌టౌన్‌లో ఉన్నానని, తాళంచెవి కొరియర్‌లో పంపుతానని మెసేజ్ పెట్టాడు. తన ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు. అమ్మాయి వాళ్ళ నాన్న డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి 9,000 ర్యాండ్లు పంపారు. శనివారం సామాను వేసుకుని వెళ్ళారు. ఆ భవనం ఉంది. ఆ నంబరు ఫ్లాటు మాత్రం లేదు. ఆ ఐడీ కార్డు ఎవరిదో పాపం, అంతకుముందు మోసపోయినవాళ్ళదే అయ్యుండవచ్చు.

ఆ నాన్నగారు తెలివితక్కువవారు కాదు. ఆయన నమ్మింది పేరును. అవతలి మనిషి పేరు నాయుడు. "మనవాళ్ళే కదా" అనుకున్నారు. ఈ మాట నన్ను చాలా బాధపెట్టింది. మన తాతముత్తాతలు చెరుకు తోటల్లో ఒకరినొకరు నమ్ముకునే బతికారు. కానీ ఫోన్‌లో ఎవరైనా ఏ ఇంటిపేరైనా పెట్టుకోవచ్చు, దానికి ఖర్చేమీ లేదు. నాయుడైనా, గోవెందర్ అయినా, పిళ్ళై అయినా, మనిషినీ ఇంటినీ చూసేదాకా అది ఉత్త పేరే.

గుడి క్లాసులో మీరు రెండు సామెతలు నేర్చుకుని ఉంటారు. ఒకటి "ఆలస్యం అమృతం విషం". రెండోది "నిదానమే ప్రధానం". రెండూ నిజమెలా అవుతాయని పిల్లలు నన్ను అడుగుతుంటారు. అద్దె ఇంటి విషయంలో రెండోదే పట్టుకోండి. "ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, గంటలో డబ్బు రావాలి" అనే మాట వినగానే ఆగిపోండి. బ్యాంకు ఖాతాకు కాకుండా సెల్ నంబరుకు డబ్బు పంపమంటే ఇంకా జాగ్రత్త. అలా పంపిన డబ్బును కార్డు లేకుండానే ఏటీఎం నుండి తీసేసుకోవచ్చు.

అయితే ఇల్లు కళ్ళతో చూస్తే చాలా? చాలదు. కొందరు ఒక ఫ్లాట్‌ను కొద్ది రోజులకు అద్దెకు తీసుకుని, ఆ తాళంతోనే తలుపు తీసి, పదిమందికి చూపించి, పదిమంది దగ్గరా డిపాజిట్ తీసుకుని మాయమవుతారు. తాళం తీయగలిగినవాడల్లా యజమాని కాదు. కాబట్టి ఎతెక్వినీ మున్సిపాలిటీ బిల్లు చూపించమనండి. అందులో పేరు, ఇంటి చిరునామా ఉంటాయి. ఆ పేరు, ఐడీ మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటేనా చూడండి. భవనం కేర్‌టేకర్‌ను అడగండి, ఆయనకు అందరూ తెలుసు. ఇంకా అనుమానం ఉంటే డీడ్స్ ఆఫీసు రికార్డులు ఉన్నాయి. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉంది. కొద్ది రుసుము కడితే ఇల్లు ఎవరి పేరున ఉందో ఎవరైనా తెలుసుకోవచ్చు. నిజమైన యజమాని ఇవి అడిగితే కోపం తెచ్చుకోడు.

ఏజెంటు ద్వారా వెళ్తే ఫిడెలిటీ ఫండ్ సర్టిఫికెట్ చూపించమనండి. అది లేకుండా ఆ పని చేయడం చట్టానికి విరుద్ధం.

ఇప్పుడు ప్రభుత్వ ఇళ్ళ సంగతి. పేదవాళ్ళ దగ్గర దొంగతనం చేసేది ఇక్కడే, అందుకే నాకు ఎక్కువ కోపం. "రెండు వేలు ఇస్తే మీ పేరు లిస్టులో పైకి జరుపుతాను" అని ఎవరైనా అంటే అది లంచం లేదా అబద్ధం. ఆర్‌డీపీ ఇల్లు అర్హులకు ఉచితంగా ఇచ్చేది. దరఖాస్తుకు రుసుము లేదు. అలాంటి ఇంటిని చవకగా అమ్ముతామంటే కూడా నమ్మకండి. మొదటి 8 సంవత్సరాలలో అమ్మాలంటే ముందుగా ప్రభుత్వానికే చెప్పాలి. టైటిల్ డీడ్ మారకుండా నగదు ఇచ్చి కొంటే ఇల్లు మీది కాదు. సోషల్ హౌసింగ్ వేరు. అది అద్దెకు ఇచ్చేది. కుటుంబానికి నెలకు 1,850 నుండి 22,000 ర్యాండ్ల వరకు ఆదాయం ఉన్నవాళ్ళు అడగవచ్చు. దరఖాస్తు నేరుగా ఆ ఇళ్ళు నడిపే సంస్థ ఆఫీసులోనే పెట్టండి, మధ్యవర్తి అక్కరలేదు.

మంచి యజమాని దొరికాక కూడా మీ హక్కులు తెలుసుకోండి. 1999 నాటి అద్దె ఇళ్ళ చట్టం ప్రకారం కట్టిన ప్రతి డబ్బుకూ రశీదు ఇవ్వాలి. డిపాజిట్‌ను వడ్డీ వచ్చే ఖాతాలో ఉంచాలి. ఇంట్లో చేరేముందు ఇద్దరూ కలిసి ఇల్లు చూసి, ఏవి పాడైపోయి ఉన్నాయో రాసుకోవాలి. గొడవ వస్తే రెంటల్ హౌసింగ్ ట్రైబ్యునల్‌కు వెళ్ళండి. అక్కడ ఫీజు లేదు, లాయరు కూడా అవసరం లేదు.

ఒకవేళ డబ్బు పంపేశాక అనుమానం వస్తే, మొదటి ఫోన్ మీ బ్యాంకు ఫ్రాడ్ విభాగానికి చేయండి, అది రాత్రయినా సరే. తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి కేసు నంబరు తీసుకోండి. మెసేజ్‌లు చెరిపేయకండి. ఆ అమ్మాయి ఇంట్లో సిగ్గుతో మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు, అప్పటికి ఖాతా ఖాళీ అయిపోయింది. మీరు ఐడీ కాపీ, జీతం స్లిప్పు కూడా పంపి ఉంటే, మీ పేరుతో అప్పులు తీసుకోకుండా సదర్న్ ఆఫ్రికన్ ఫ్రాడ్ ప్రివెన్షన్ సర్వీస్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అది కూడా అదే రోజు చేయండి.