ముందు ఆ పిల్లతో విడిగా మాట్లాడండి

తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి అంటూ పదిహేడేళ్ల అమ్మాయి ఓపీ చీటీతో ప్రభుత్వాసుపత్రికి వస్తుంది. పక్కన అత్తో, భర్తో, అన్నయ్యనని చెప్పుకునే కుర్రాడో ఉంటారు. డాక్టరమ్మ ఏమడిగినా వాళ్లే జవాబిస్తారు. మందుల కోర్సంతా వాడినా నెల తిరిగేసరికి మళ్లీ అదే మంట. తనకే జబ్బూ లేదంటూ ఆమె భర్తో, ప్రేమికుడో అయిన అతను మందు వేసుకోడు. కండోమ్ మాటెత్తితే 'నన్నే అనుమానిస్తావా' అని కొడతాడు. ఇక ఆ జబ్బు ఎలా తగ్గుతుంది?

జబ్బుకూ హింసకూ ఉన్న ఈ లంకె పరిశోధనల్లోనూ కనిపించింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1997, 1999లలో హైస్కూలు విద్యార్థినులు చెప్పిన సమాధానాలను పరిశోధకుడు జే సిల్వర్‌మన్ బృందం విశ్లేషించి 2001లో ప్రచురించింది. ప్రేమించినవాడి చేతిలో దెబ్బలో, లైంగిక హింసో అనుభవించినవాళ్లు దాదాపు ఐదుగురిలో ఒకరు. గర్భాలూ ఆత్మహత్యాయత్నాలూ ఆ పిల్లల్లోనే ఎక్కువ. 2005లో ఆ రాష్ట్రం నుంచే వచ్చిన మరో అధ్యయనంలో, సుఖవ్యాధి లేదా హెచ్ఐవీ ఉన్నట్టు తేలిన అమ్మాయిల్లో సగానికి పైగా ఇలాంటి హింసకు గురైనవాళ్లే. ఆ తర్వాత పరిశోధకురాలు ఎలిజబెత్ మిల్లర్ బోస్టన్‌లో హింసకు గురైన అమ్మాయిలతో నేరుగా మాట్లాడారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు చెప్పింది ఒకటే: గర్భం రావాలని అతనే పట్టుబట్టాడు. కావాలనే గర్భనిరోధకాలను పని చేయనీయలేదు. 'జాగ్రత్తగా ఉండాలి కదా' అని మనం కోప్పడేది ఇలాంటి పిల్లలనే. జాగ్రత్త వాళ్ల చేతుల్లో ఎక్కడుంది?

మన దగ్గర ఆ 'అతను' చాలాసార్లు తాళి కట్టినవాడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులో గర్భిణులో అయినవాళ్లు ఆంధ్రలో 12.6 శాతం, దేశ సగటు 6.8. మైనర్ భార్యతో భర్త జరిపే లైంగిక చర్య కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తేల్చి చెప్పింది. ఇళ్లలో మాత్రం ఇప్పటికీ 'సర్దుకుపో తల్లీ' అనే మాటే.

ఒంటికి ఈ సర్దుబాటు తెలియదు. క్లమీడియా లాంటి ఇన్ఫెక్షన్ పైకి ఏ లక్షణమూ చూపకుండానే గర్భనాళాలను దెబ్బతీయగలదు. పిల్లలు పుట్టకపోతే ఆ నింద కూడా మళ్లీ ఆమె నెత్తినే పడుతుంది. బలవంతం జరిగాక హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఫోన్ అతని దగ్గర, బస్సు డబ్బులు అతని దగ్గర, గడప దాటాలంటే అతని అనుమతి. ఆ గంటలు అక్కడే కరిగిపోతాయి.

అందుకే డాక్టర్లకు, ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు నా విన్నపం. తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టండి. 'ఇంటికెళ్లాలంటే భయమేస్తోందా? వద్దంటే అతను వింటాడా?' అని మెల్లగా అడగండి. తను చెప్పకపోయినా తిట్టొద్దు, మళ్లీ రమ్మనండి. మైనర్ విషయంలో పోక్సో చట్టం కింద సమాచారమివ్వక తప్పదు. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాలి. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 ఉన్నాయి. సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి. నంబరు కాగితం మీద రాసిస్తే ఇంట్లో దొరికిపోవచ్చు, నోటికి వచ్చేదాకా చెప్పించండి.