గ్రాఫిక్స్ కార్డు కొనేముందు: ఇండెంటు మొదట, బేరం తరువాత

మన టౌన్‌షిప్పుల్లో వీడియో చిత్రీకరణ నేడు ఇంటింటి వ్యాపకమైంది. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం, సెప్టెంబరులో హిందీ పక్షోత్సవాలు, ఆ వెనుక విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు, నెలాఖరున పదవీ విరమణ సభలు - వీటన్నిటినీ సెల్‌ఫోనులో బంధించి, ఇంటికి వెళ్లి కంప్యూటరుపై కత్తిరించి, అతికించి, నేపథ్య సంగీతం జోడించి సహోద్యోగులకు పంచే ఉత్సాహవంతులు ప్రతి విభాగంలోనూ ఉన్నారు. కొత్తగా చేరినవారికి భద్రతా సూచనలు బోధించే చిన్న చిత్రాలను స్వయంగా తయారుచేస్తున్నవారూ ఉన్నారు. సాయంకాలం అదే కంప్యూటరుపై పిల్లలు కాసేపు ఆటలాడుకుంటారు.

ఈ రెండు అవసరాలకూ ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలని పలువురు మమ్మల్ని అడుగుతున్నారు. ఇది తేలికగా తీసుకోదగిన ప్రశ్న కాదు. మధ్యశ్రేణి కార్డు ధర చాలా కుటుంబాల్లో నెలసరి వెచ్చాలకు మించి ఉంటుంది. పండుగ బోనస్‌లోంచో, పిల్లల చదువుకని దాచిన సొమ్ములోంచో తీసి పెట్టవలసిన ఖర్చు అది. అంత పెట్టి కార్డు బిగించిన తరువాత కూడా వీడియో మునుపటిలాగే ఆగి ఆగి నడిస్తే ఆ బాధ ఇంతా అంతా కాదు.

మన సంస్థలో ఒక పంపుకు మోటారు కావాలంటే ఏం చేస్తాం? ఎంత నీరు, ఎంత ఎత్తుకు, రోజుకు ఎన్ని గంటలు తోడాలో ముందుగా లెక్క కడతాం. ఆ లెక్కను బట్టి ఇండెంటు తయారవుతుంది. సాంకేతిక పరిశీలనలో నెగ్గిన సరుకుకే ధరల కవరు తెరుస్తాం. ఆఫీసులో ఇంత జాగ్రత్తగా ఉండే మనమే, సొంత డబ్బుతో కార్డు కొనేటప్పుడు దుకాణదారు చెప్పిన మాటనో, పక్కింటి అబ్బాయి సలహానో నమ్మి వచ్చేస్తాం. ఇంటి కొనుగోలుకు కూడా ఆఫీసు పద్ధతే మేలని మా అభిప్రాయం.

కార్డు లోపల జరిగే పనులు

వీడియో అంటే వరుసగా కదిలే నిశ్చల చిత్రాలు. 4కె చిత్రం ఒక్కొక్కదానిలో అడ్డంగా 3840, నిలువుగా 2160, వెరసి 82,94,400 చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్కకు మూడు బైట్ల వంతున, సెకనుకు 30 చిత్రాల వంతున లెక్కిస్తే నిమిషానికి దాదాపు 45 గిగాబైట్లు కావాలి. కాని ఫోను ఆ నిమిషాన్ని కొన్ని వందల మెగాబైట్లలోనే ఇముడుస్తుంది. ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య మారిన భాగాన్నే ప్రధానంగా భద్రపరచడం అందులోని కిటుకు. ఇలా మూటకట్టే పద్ధతినే కోడెక్ అంటారు. హెచ్.264, హెచ్.265, ఏవీ1 అనేవి అటువంటి పద్ధతుల పేర్లు.

ఎడిటింగ్‌లో మూడు దశలున్నాయి. ఆ మూటను విప్పడం డీకోడింగ్. విప్పిన చిత్రానికి రంగులు సరిదిద్దడం, అక్షరాలు పేర్చడం, మసక తొలగించడం రెండవ దశ. పూర్తయిన చిత్రాన్ని మళ్లీ మూటకట్టడం ఎన్‌కోడింగ్. మొదటి, మూడవ దశలకు నేటి చిప్పుల్లో ప్రత్యేకంగా చిన్న విభాగాలు అమర్చి ఉంటాయి. ఇంటెల్ సంస్థ 2011లో క్విక్ సింక్ పేరుతో అటువంటి విభాగాన్ని ప్రాసెసర్‌లోనే పొందుపరచింది. ఎన్విడియా 2012 నుండి తన కార్డుల్లో ఎన్‌వెంక్ అనే ఎన్‌కోడర్‌ను అమర్చుతున్నది. కార్డులోని వేలాది చిన్న గణన యంత్రాలు ప్రధానంగా శ్రమించేది రెండవ దశలోనే. త్రిమితీయ ఆటల్లో శ్రమించేవి కూడా అవే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పెద్ద కార్డు కొన్నంత మాత్రాన మూట విప్పే విభాగం కూడా పెద్దదవుతుందని చెప్పలేం. ఎన్విడియా 40 శ్రేణిలో 4060 కార్డులోనూ, అంతకంటే చాలా ఖరీదైన 4070 కార్డులోనూ ఎన్‌కోడర్ ఒక్కటే. ఫోనులో తీసిన పెళ్లి వీడియోను కత్తిరించి అతికించడమే మన పని అయితే, అధికంగా చెల్లించిన సొమ్ములో చాలా భాగం మనకు ఉపయోగపడని శక్తికే పోతుంది.

కొనేముందు కొలవండి

ఇండెంటుకు ఆధారం కొలత. అందుకు ఖర్చేమీ లేదు. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ అనే పుటను పక్కన ఉంచుకుని, మీరు నిత్యం చేసే వీడియోనే టైమ్‌లైన్‌పై నడపండి. ఆగి ఆగి నడిచే చోట ఏ గీత నిండుగా పైకి లేస్తున్నదో చూడండి.

డిస్కు నూరు శాతం చూపిస్తే తప్పు పాత హార్డ్ డిస్కుది. ఎస్‌ఎస్‌డి అమర్చితే సరిపోతుంది. ర్యామ్ నిండిపోతే 8 గిగాబైట్ల స్థానంలో 16 వేయించాలి. ప్రాసెసర్ పూర్తిగా అలసిపోతూ, గ్రాఫిక్స్ విభాగంలో వీడియో డీకోడ్ గీత మాత్రం నిద్రపోతుంటే, మీ ఫైలును విప్పే పని ఆ ప్రత్యేక విభాగానికి చేరడం లేదన్నమాట. ముందు మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు పరిశీలించండి. రంగులు సరిదిద్దేటప్పుడు, ఎఫెక్టులు వేసేటప్పుడు 3డీ గీతో, కార్డు మెమరీ గీతో నిండిపోతేనే కొత్త కార్డు అనే ఆలోచనకు అర్థమున్నది.

ఖర్చులేని ఉపాయం మరొకటి ఉన్నది. డావిన్చి రిజాల్వ్, ప్రీమియర్ ప్రో, ఉచితంగా లభించే కెడెన్‌లైవ్ - మూడింటిలోనూ ప్రాక్సీ సదుపాయం ఉన్నది. భారీ ఫైలుకు బదులుగా దాని తేలికపాటి నకలుపై కూర్పు సాగించి, చివరిలో అసలు ఫైలు నుండే చిత్రాన్ని వెలువరించడం ఈ పద్ధతి. నకళ్లు తయారయ్యే వరకు కొంత ఓపిక పట్టాలి, అంతే. పాత కంప్యూటరుతోనే చక్కని చిత్రాలు తీయడానికి ఇది చాలు.

పేరు ఒకటి, సరుకు వేరు

పెట్టెపై పేరు చూసి తృప్తిపడరాదు. ఎన్విడియా జీటీ 1030 కార్డు 2017లో వచ్చింది. మరుసటి సంవత్సరం అదే పేరుతో నెమ్మదైన మెమరీ గల మరో రకం వెలువడింది. మొదటిదానిలో మెమరీ వేగం సెకనుకు 48 గిగాబైట్లు కాగా, రెండవదానిలో 17 కూడా లేదు. పైగా ఆ కార్డులో ఎన్‌కోడర్ అసలే లేదు. ఏఎమ్‌డీ సంస్థ 2022లో తెచ్చిన ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డుల్లోనూ ఎన్‌కోడర్ లేదు. ఆటలకు అవి పనికివస్తాయి కాని, వీడియో కూర్పు చేసేవారికి ఆ లోటు పెద్దది. ఎన్విడియా 3060 కూడా 12 గిగాబైట్ల రకంగాను, 8 గిగాబైట్ల రకంగాను వచ్చింది. రెండవదానికి మెమరీ తగ్గడమే గాక, మెమరీకీ చిప్పుకూ నడుమ దారి కూడా 192 బిట్ల నుండి 128 బిట్లకు కుంచించుకుపోయింది. కనుక బిల్లుపై కార్డు పూర్తి పేరు, మెమరీ పరిమాణం వ్రాయించుకోవాలి.

మెమరీ ప్రాధాన్యం గురించి ఒక మాట. రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్ అధిక సూక్ష్మతతో లెక్కలు కడుతుంది. ఒక చుక్కకు 16 బైట్ల వంతున 4కె చిత్రం ఒక్కటే దాదాపు 133 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. మసక తొలగించేటప్పుడు ముందు వెనుకల చిత్రాలు కూడా ఒకేసారి మెమరీలో ఉండాలి. అందువల్ల 4కె పని గట్టిగా చేసేవారికి 8 గిగాబైట్లు కనీసం. 12 ఉంటే నిశ్చింత.

ఆటల మాట

తేలికపాటి ఆటలకు భారీ కార్డు అక్కరలేదు. 2006లో విడుదలై మన దేశంలో నేటికీ పిల్లలు ఆడుకుంటున్న క్రికెట్ 07 వంటివి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడుస్తాయి. 2020లో వచ్చిన వాలరంట్ వంటి ఆట కూడా తక్కువ సెట్టింగులతో నడుస్తుంది. ఒక సంగతి పిల్లలకు నచ్చజెప్పాలి. ఇంట్లోని మానిటర్ సెకనుకు 60 సార్లు మాత్రమే బొమ్మ మార్చేదైతే, కార్డు 150 బొమ్మలు గీసినా కంటికి కనిపించే లాభం స్వల్పం. మానిటర్‌ను చూసి కార్డును నిర్ణయించడం వివేకం.

విద్యుత్తు, వేడి, దుమ్ము

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడం మనవారికి అలవాటు. కార్డు కొని, ఎస్‌ఎమ్‌పిఎస్ దగ్గర పొదుపు చేస్తారు. ఎన్విడియా 4060కి 115 వాట్లు, 3060కి 170 వాట్లు, ఇంటెల్ ఆర్క్ బీ580కి 190 వాట్లు కావాలి. మొదటి రెండింటికీ తయారీదారు సూచించినది 550 వాట్ల ఎస్‌ఎమ్‌పిఎస్. పేరులేని చౌక ఎస్‌ఎమ్‌పిఎస్ కాలిపోతే తనతోపాటు మదర్‌బోర్డును కూడా తీసుకుపోవచ్చు. ఇంట్లోని చిన్న యుపిఎస్ ఈ అదనపు భారం మోయగలదో లేదో కూడా లెక్క చూసుకోండి. పాత ఎస్‌ఎమ్‌పిఎస్ మార్చే వీలులేనివారికి 2024లో వచ్చిన ఎన్విడియా 3050 ఆరు గిగాబైట్ల రకం ఒక మార్గం. 70 వాట్లతో, విడిగా విద్యుత్ తీగ లేకుండా అది పనిచేస్తుంది.

గని ప్రాంతాల్లోనూ, విద్యుత్ కేంద్రాల వద్దనూ నివసించే మనకు ఎండ, దుమ్ము రెండూ ఎక్కువే. క్యాబినెట్ జాలీని తరచుగా శుభ్రం చేయడం, గోడకు ఆనించకుండా గాలి ఆడేటట్లు ఉంచడం కార్డు ఆయుష్షును పెంచుతాయి.

పాత కార్డు కొనదలచినవారు మరింత జాగ్రత్త వహించాలి. ఇథీరియం అనే క్రిప్టో నాణెం 2022 సెప్టెంబరులో తన పద్ధతి మార్చుకోవడంతో, రాత్రింబవళ్లు గనుల్లో యంత్రాల వలె పనిచేసిన కార్డులు పెద్ద సంఖ్యలో పాత సరుకుల బజారుకు వచ్చాయి. వారంటీ మిగిలి ఉండి, బిల్లు ఉండి, కళ్లెదుట గంటసేపు నడిపి చూపితేనే అటువంటి కార్డు గురించి ఆలోచించండి.

మూడు ఇండెంట్లు

మొదటిది, ఫోను వీడియోల కత్తిరింపు, చిన్న ఆటలు. దీనికి విడి కార్డు అక్కరలేదు. గ్రాఫిక్స్ సదుపాయం గల ప్రాసెసర్, 16 గిగాబైట్ల ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డి చాలు. ర్యామ్‌ను రెండు సమాన భాగాలుగా అమర్చాలి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు ర్యామే మెమరీ కనుక, రెండు దారులుంటే వేగం పెరుగుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అనే అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదని మరువవద్దు.

రెండవది, పలు పొరల 4కె కూర్పు, రంగుల దిద్దుబాటు, ఓ మోస్తరు ఆటలు. ఎన్విడియా 3060 పన్నెండు గిగాబైట్ల రకం, ఆర్క్ బీ580 పన్నెండు గిగాబైట్లు, ఎన్విడియా 4060 ఎనిమిది గిగాబైట్లు - ఈ స్థాయి చాలు. చివరి రెండింటిలో ఏవీ1 ఎన్‌కోడర్ ఉన్నది, 3060లో లేదు. ఆర్క్ కొనేవారు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ సదుపాయం ఉన్నదో లేదో ముందే కనుక్కోవాలి. అది లేని పాత బోర్డులపై ఆ కార్డుల వేగం బాగా పడిపోతుంది.

మూడవది, మిర్రర్‌లెస్ కెమెరాతో చిత్రీకరించేవారిది. ఆ కెమెరాల్లో చాలావరకు 4:2:2 అనే పద్ధతిలో రంగుల సమాచారాన్ని అధికంగా భద్రపరచే సౌకర్యం ఉంటుంది. హెచ్.265లో ఇటువంటి ఫైళ్లను ఇంటెల్ 11వ తరం నుండి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే విప్పగలదు. ఎన్విడియా కార్డులకు ఆ నేర్పు 2025లో వచ్చిన 50 శ్రేణితోనే అబ్బింది. అంటే ఈ పనిలో 40 శ్రేణి ఖరీదైన కార్డు చేయలేని సాయాన్ని సామాన్యమైన ప్రాసెసర్ చేయగలదు. మీ ఫైలు ఏ రకానిదో మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ క్షణంలో చెబుతుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కానీయండి, చెన్నై రిచీ స్ట్రీట్ కానీయండి, బెంగళూరు ఎస్.పి. రోడ్డు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ కానీయండి, దుకాణం మెట్లెక్కేముందు ఒక చీటీపై నాలుగు అంశాలు వ్రాసుకోండి. మీ ఫైలు కోడెక్, టాస్క్ మేనేజర్‌లో నిండిపోయిన గీత, మీ ఎస్‌ఎమ్‌పిఎస్ వాట్లు, క్యాబినెట్‌లో కార్డుకు దొరికే పొడవు. ఈ నాలుగూ చేతిలో ఉన్న కొనుగోలుదారును ఎవరూ మభ్యపెట్టలేరు. ఆ చీటీ చూసుకున్న తరువాత కార్డే అవసరం లేదని తేలితే అంతకంటే కావలసిందేమున్నది? ఆ సొమ్ము పిల్లల చదువుకు ఉపయోగపడుతుంది. మీ భద్రతా చిత్రాలు, వీడ్కోలు సభల చిత్రాలు ఉన్న కంప్యూటరుతోనే మరింత చక్కగా రూపొందాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.