ధర తిరిగొచ్చింది, ఖాతా తిరిగి రాలేదు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి హోసూరు, బాగలూరు చుట్టుపక్కల గులాబీలు కోతకొచ్చి ఉన్నాయి. పెళ్లిళ్లు ఆగాయి, గుళ్లు మూశారు, కొనేవాడు లేడు. రైతులు కోసిన పూలను పారబోశారు. అయితే పోయింది ఆ కోత, తోట కాదు. కొమ్మలు కత్తిరించి నీళ్లు పెడితే కొన్ని వారాల్లో మళ్లీ మొగ్గేస్తుంది.

అంతకు పదమూడు రోజుల ముందు, మార్చి 12న, 7,900 డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ తెల్లారేలోపు కొన్ని ఎక్స్చేంజీల్లో 4,000 కిందికి జారింది. డిసెంబరు 16న 20,000 దాటింది. సొంత డబ్బుతో కొని అట్టే పెట్టుకున్నవాళ్లు ఆ పెరుగుదలను చూశారు. పది రెట్ల లెవరేజ్‌తో, అంటే అప్పు బలంతో, ధర పెరుగుతుందని ‘లాంగ్’ వెళ్లినవాళ్ల అంచనా కూడా నిజమే అయింది. కానీ అప్పటికి వాళ్ల దగ్గర తోట లేదు.

లెక్క చిన్నదే. 10,000 రూపాయల మార్జిన్‌తో, అంటే సొంత పూచీ సొమ్ముతో, లక్ష రూపాయల పొజిషన్ తీసుకుంటే, ధర 10 శాతం పడితే మార్జిన్ మొత్తం హరీ. నిజానికి అంతదాకా ఆగరు. ఎక్స్చేంజీ తన చేతి డబ్బు పోగొట్టుకోదు కాబట్టి కాస్త ముందే పొజిషన్‌ను అమ్మేస్తుంది. అదే లిక్విడేషన్.

ధర కదలకపోయినా ఖర్చు నడుస్తూ ఉండొచ్చు. 2016లో బిట్‌మెక్స్ ఎక్స్చేంజీ తెచ్చిన గడువు లేని ఫ్యూచర్స్‌లో, ధర అసలు మార్కెట్‌కు దూరం జరగకుండా లాంగ్, షార్ట్ (ధర పడుతుందనే) పక్షాల మధ్య ‘ఫండింగ్’ చేతులు మారుతుంది. సాధారణంగా ఎనిమిది గంటలకోసారి. రేటు 0.01 శాతమే, కట్టాల్సింది లాంగ్ పక్షం అనుకుందాం. అది మార్జిన్ మీద కాదు, లక్ష మీద పడుతుంది: విడతకు 10 రూపాయలు, రోజుకు 30, నెలకు 900. అంటే మార్జిన్‌లో 9 శాతం. యాప్‌లో ఈ అంకె ఎంత సన్నగా కనిపిస్తుందో చూడండి!

అసలు ప్రమాదం గుంపులో ఉంది. ఒకరి పొజిషన్‌ను బలవంతంగా అమ్మితే ధర ఇంకాస్త దిగుతుంది, దాంతో పక్కవాడి హద్దు తగులుతుంది, అతనిదీ అమ్ముతారు. 2025 అక్టోబరు 10న చైనా సరుకుల మీద ట్రంప్ అదనంగా 100 శాతం సుంకం ప్రకటించాక ఒక్క రోజులో సుమారు 1,900 కోట్ల డాలర్ల క్రిప్టో పొజిషన్లు ఇలాగే కొట్టుకుపోయాయి. మనకు అప్పుడు అర్ధరాత్రి దాటింది. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టులో ఉన్నవాడికి ఫోను చూసే వీలెక్కడ?

అందుకే క్రమశిక్షణ అనేది గుండె దిటవుకు సంబంధించింది కాదని నా అభిప్రాయం. ఆర్డరు పెట్టకముందు వేసుకునే లెక్క అది. కృష్ణగిరిలో ఉద్యోగం చేసుకుంటూ ట్రేడ్ చేసే ఒకాయన దగ్గర లక్ష ఉందనుకుందాం. ఒక్క ట్రేడ్‌లో పోగొట్టుకోగలిగేది 1 శాతం, అంటే వెయ్యి. నష్టాన్ని అక్కడితో ఆపే స్టాప్ లాస్ ఆర్డరు 4 శాతం కింద పెట్టాలి. ఏ మొత్తంలో 4 శాతం వెయ్యి అవుతుంది? పాతిక వేలు. చేతిలో లక్ష ఉండగా పొజిషన్ పాతిక వేలే, లెవరేజ్ ఊసే రాలేదు! వరుసగా పదిసార్లు ఓడినా 90,000 పైచిలుకు మిగులుతుంది. విడతకు 10 శాతం పెట్టి ఉంటే మిగిలేది 35,000 లోపు. మళ్లీ లక్ష కావాలంటే అది దాదాపు మూడింతలు కావాలి. మన షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) మార్కెట్‌లోనే 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ తేల్చింది. కాబట్టి పది ఓటములు అతిశయోక్తేమీ కాదు.

లెవరేజ్‌కు ఒక సబబైన వాడకం ఉంది. లక్షంతా ఎక్స్చేంజీలో పెట్టకుండా, 5,000 ఉంచి అదే పాతిక వేల పొజిషన్ తీసుకోవచ్చు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ ఎక్స్చేంజీ నుంచి దొంగలు 23 కోట్ల డాలర్లకు పైగా ఎత్తుకెళ్లాక, డబ్బు తీసుకోలేక నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. అప్పుడు కూడా మార్జిన్‌ను ‘ఐసొలేటెడ్’లో పెట్టాలి. ‘క్రాస్’లో పెడితే ఆ ఖాతాలోని మిగతా సొమ్ము కూడా పూచీ కిందికి వస్తుంది. ఇంత చేసినా, ధర కుప్పకూలేటప్పుడు కొనేవాళ్లు దొరకక స్టాప్ లాస్ 4 శాతం దగ్గర కాకుండా 7 శాతం దగ్గర అమ్ముడుపోవచ్చు. పాతిక వేల మీద అది 1,750 రూపాయలు.