బహుమూలక మిశ్రలోహాలలో ఉష్ణవహనం – జాలక కంపనాల పాత్ర

వ్యాససంగ్రహం: లోహాలు ఉత్తమ ఉష్ణవాహకాలన్న భావన పాఠశాల నుంచే మనకు అలవడింది. అనేక మూలకాలు కలిసిన మిశ్రలోహాల విషయంలో అది పూర్తిగా నిలవదు. అందుకు కారణాన్ని జాలక కంపనాల ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: జాలక కంపనం, ఫోనాన్, ఉష్ణవాహకత, బహుమూలక మిశ్రలోహం, కంచన్‌బాగ్.

1. ప్రవేశిక

గది ఉష్ణోగ్రత వద్ద రాగి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 400 వాట్లు. జింకుది సుమారు 116. 70 పాళ్లు రాగిలో 30 పాళ్లు జింకు కలిపిన ఇత్తడికి సగటు లెక్కన 300కు పైగా ఉండాలి. వాస్తవంగా ఉండేది సుమారు 120 మాత్రమే. రెండు మంచి వాహకాలు కలిసినప్పుడు వాహకత ఇంతగా ఎందుకు తగ్గుతుంది?

2. జాలక కంపనాల స్వభావం

ఘనలోహంలో పరమాణువులు క్రమమైన జాలకంగా అమరి ఉంటాయి. అవి నిశ్చలంగా ఉండవు. తమ స్థానాల చుట్టూ కంపిస్తుంటాయి. బంధాల వల్ల ఒక దాని కదలిక పక్కదానికి చేరి తరంగంగా సాగుతుంది. ఈ కంపనశక్తి కనీస పరిమాణమే ఫోనాన్.

దీనికొక పోలిక చెప్పుకోవచ్చు. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో మూసీపై కట్టిన పురానాపూల్ మీద జనం కిక్కిరిసి నిలుచున్నారనుకుందాం. ఒక కొసన ఉన్నవారిని నెడితే, ఎవరూ తమ చోటు వదలకపోయినా ఆ తోపు రెండవ కొసకు చేరుతుంది. జాలక కంపనం ఉష్ణాన్ని మోసే తీరు ఇదే. ఆ జనం నడుమ సందు చూసుకొని పరుగెత్తే పిల్లవాడు ఎలక్ట్రానుకు పోలిక. శుద్ధలోహంలో అధికభాగం ఉష్ణాన్ని మోసేది ఎలక్ట్రాన్లే. జనం ఊగిసలాట వాటి పరుగుకు అడ్డు. అంటే జాలక కంపనం ఒకవైపు వాహకం, మరొకవైపు అవరోధం.

3. మూలకాలు కలిసినప్పుడు

జనంలో పెద్దలు, పిల్లలు, బరువులు మోసేవారు కలగలిసి ఉంటే తోపు సాఫీగా సాగక చెదురుతుంది. మిశ్రలోహంలోనూ పరమాణువుల ద్రవ్యరాశి, పరిమాణం, బంధబలం చోటుచోటుకూ మారడంతో ఫోనాన్లు పరిక్షేపణం చెందుతాయి. తక్కువ తరంగదైర్ఘ్యం గలవి ఎక్కువగా చెదురుతాయి. దీర్ఘతరంగాలు చాలావరకు దాటిపోతాయి. ఎలక్ట్రాన్లకూ ఈ క్రమరాహిత్యం అడ్డే.

2004లో బ్రయాన్ కాంటర్, జియెన్-వీ యే బృందాలు వేరువేరుగా వెలువరించిన పరిశోధనలతో ఐదు, అంతకు మించిన మూలకాల మిశ్రలోహాలు ప్రసిద్ధికెక్కాయి. క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెల్ సమపాళ్లలో ఉన్నది వాటిలో ఒకటి. శుద్ధ నికెల్ వాహకత సుమారు 90 కాగా, దీనిది 12–14 మధ్య ఉంటుంది. అయితే మూలకాల సంఖ్యే దీనికి కారణమనుకోరాదు. నికెల్–కోబాల్టు జంటలో వాహకత 70 దరిదాపుల్లో నిలుస్తుంది. దానికి క్రోమియం చేరితే 12 దరిదాపులకు దిగుతుంది. ఎన్ని కలిశాయన్నదాని కన్నా ఏవి కలిశాయన్నది ముఖ్యం. పైగా ఈ ఐదింటి ద్రవ్యరాశులు దగ్గర దగ్గరగా ఉన్నాయి కనుక, ద్రవ్యరాశి భేదం ఒక్కటే ఈ తగ్గుదలను వివరించలేదు.

దీనికి రెండు ఫలితాలున్నాయి. ఎలక్ట్రాన్ల వాటా కుదించుకుపోవడంతో, రాగిలో అతి స్వల్పమైన జాలక వాటా ఇక్కడ లెక్కించవలసినదవుతుంది. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు రాగి వాహకత కొద్దిగా తగ్గుతుంది; ఈ లోహాల్లో సాధారణంగా పెరుగుతుంది. క్రమరాహిత్యపు అడ్డు ముందే బలంగా ఉండడంతో కంపనాలు కొత్తగా కలిగించే అడ్డు స్వల్పం; ఎలక్ట్రాన్లు మోసే ఉష్ణం మాత్రం హెచ్చుతుంది.

4. ప్రయోజనం, ప్రమాదం

ఇది మన నగరానికి దూరమైన విషయం కాదు. పురానాపూల్‌కు ఆగ్నేయంగా ఉన్న కంచన్‌బాగ్‌లో రక్షణ లోహశాస్త్ర పరిశోధనాశాల ఉంది; 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ నికెల్, టైటానియం ఆధారిత మిశ్రలోహాలను అక్కడే తయారుచేస్తున్నది. హైదరాబాదు ఐఐటీ సంచాలకులుగా పనిచేసిన ఆచార్య బి.ఎస్. మూర్తి, యే, ఎస్. రంగనాథన్‌లతో కలిసి అధిక ఎంట్రోపీ మిశ్రలోహాలపై రచించిన గ్రంథం 2014లో వెలువడింది.

టర్బైన్ రెక్కలో వాహకత తక్కువైతే వేడి ఒకేచోట నిలిచి, ఉష్ణభేదం వల్ల లోహంలో ప్రతిబలాలు పుడతాయి. లేతు మీద నికెల్ మిశ్రలోహాన్ని చెక్కేటప్పుడు వేడి లోహంలోకి వ్యాపించక పనిముట్టు అంచున చేరి దాన్ని త్వరగా అరగదీస్తుంది. వేడిని అడ్డుకోవలసిన చోట ఇదే గుణం వరమవుతుంది.

5. ఉపసంహారం

“లోహాలు ఉత్తమ ఉష్ణవాహకాలు” అన్న వాక్యాన్ని “శుద్ధలోహాలు సాధారణంగా ఉత్తమ ఉష్ణవాహకాలు” అని సవరించి చెప్పడం అవసరం. అలాగే ‘మిశ్రమం’, ‘మిశ్రలోహం’ అన్న పదాలు గుణాలు కూడా సగటుగా కలుస్తాయన్న భ్రమ కలిగించవచ్చు. పదం ఇచ్చి ఊరుకోక, దాని వెనుక ఉన్న ప్రక్రియను తెలుగు వాక్యంలో విప్పి చెప్పినప్పుడే విద్యార్థికి ఆ భ్రమ తొలగుతుంది. శాస్త్రపాఠం రాసే తెలుగు అధ్యాపకుల బాధ్యత అదే.