వైద్యపరిశోధనలు – మూగజీవములు



మన సిద్దిపేట నుండి సికిందరాబాదునకు బోవు రహదారిలో శామీర్‌పేట దాటకమునుపు జీనోమ్ వ్యాలీ యను ప్రాంతము తగులును. కొవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ ఆ ప్రాంతముననే యున్నది. 2020 వ సంవత్సరమున ఆ టీకాను హామ్‌స్టరు లను ఎలుకజాతి జీవములకును, 20 కోతులకును ఇచ్చి పరీక్షించిరి. మనలో ఆ టీకా వేయించుకొన్నవారు పెక్కుమంది. మనల రక్షించుటకై మూగజీవములను ఇట్లు బాధపెట్టుట ధర్మమా యని లోకమున నొక పెద్ద వాదము నడచుచున్నది. దానిని మీ ముందుంచుటయే నేటి నా ప్రయత్నము.

ఈ వాదమునకు సంబంధించిన పాతకథ యొకటి మన హైదరాబాదుననే జరిగినది. పూర్వము శస్త్రచికిత్స సమయమున రోగికి స్పృహ తప్పించుటకు క్లోరోఫారము వాడెడివారు. దానివలన అప్పుడప్పుడు రోగులు మరణించుచుండిరి. ఊపిరి నిలుచుటచే మరణింతురా, గుండె నిలుచుటచే మరణింతురా యని వైద్యులలో వివాదము పుట్టెను. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ ఊపిరియే కారణమని వాదించెను. ఆఱవ నిజామైన మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888 లో నొకటి, 1889 లో నొకటి, రెండు విచారణసంఘములు ఏర్పడెను. రెండవదానికై లండను నుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు వచ్చెను. కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱములు మొదలగు 400 లకు పైబడిన జీవములపై ప్రయోగములు జరిగెను. ఊపిరిని కనిపెట్టుచుండిన చాలును, గుండెకు భయము లేదని సంఘము తేల్చెను.

కాని 1911 లో ఇంగ్లండునందు గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు, స్వల్పమాత్ర క్లోరోఫారముచేతనే గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోవచ్చునని నిరూపించెను. అన్ని ప్రాణములను వ్యయపఱచి చెప్పిన తీర్పు తప్పాయెను. అయితే లెవీ ఆ సత్యమును గనుగొన్నది పిల్లులపై ప్రయోగములు చేసియే. కావున ఈ కథను ఇరుపక్షములవారును తమకు సాక్ష్యముగా జెప్పుకొనవచ్చును.

జీవకారుణ్యసంఘములవారు చెప్పున దేమన: మనుష్యుని దేహము వేఱు, ఎలుక దేహము వేఱు, ఒకదానిపై పరీక్షించి మఱియొకదానికి తీర్పు చెప్పరాదు, చెప్పవచ్చునన్నను, నోరులేనిదానిని హింసించు హక్కు మనకు లేదు. పరిశోధకులు చెప్పున దేమన: మందును మొట్టమొదట ఎవరికో యొకరికి ఇయ్యకతప్పదు; మీ మనుమనికి ఇత్తుమా, ఎలుకకు ఇత్తుమా? రెండు ప్రశ్నలును త్రోసివేయదగినవి కావు.

ఇంగ్లండులో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను వనిత 1875 లో ఇట్టి ప్రయోగములపై పోరాడుటకు సంఘము స్థాపించెను. మఱుసటి సంవత్సరమే అచ్చట చట్టము వచ్చెను. మన దేశమున ఆ పని పూనుకొన్నది కళాక్షేత్రమును స్థాపించిన నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. ఆమె రాజ్యసభ సభ్యురాలుగా జంతుహింసానివారణ బిల్లును ప్రవేశపెట్టెను. ప్రభుత్వమే చట్టము చేయునని ప్రధాని నెహ్రూ మాట యిచ్చుటచే దానిని ఉపసంహరించుకొనెను. 1960 లో చట్టము వెలువడెను. అది ప్రయోగములను నిషేధింపలేదు, హద్దులు గీచినది. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములతో పని జరుగుచోట జీవమును వాడరాదు. చిన్నజీవముతో సరిపోవుచోట పెద్దదానిని ముట్టరాదు. కేవలము చేతిపనితనము నేర్చుకొనుటకు కోయరాదు. సాధ్యమైనంతవఱకు మత్తు ఇచ్చియే చేయవలెను.

మార్గాంతరము దొరకునా యని మీరు సందేహింపవచ్చును. పిచ్చికుక్క కఱచినవారికి కడుపుమీద పదునాలుగు సూదులు పొడిచిన దినములు మీరెఱుగుదురు. ఆ మందును గొఱ్ఱెలకు ఆ రోగము నెక్కించి, వాని మెదడు నుండి తీసెడివారు. అది కొందఱిలో పక్షవాతమును గూడ గలిగించెడిది. 2004 చివర మన దేశమున దాని తయారీ నిలిచిపోయినది. నేడు ప్రయోగశాలలో పెంచిన కణములనుండి చేసిన మందు, తక్కువ సూదులతో, భుజమునకే ఇచ్చుచున్నారు. గొఱ్ఱెకును మేలయ్యెను, మనిషికిని మేలయ్యెను. అయినను అన్నిటికిని ఇట్టి మార్గము ఇంకను దొరకలేదు. దొరకువఱకు ఏమి చేయవలెననుటయే అసలు చిక్కు.

ఇచ్చట మీబోటి పెద్దలు గమనింపవలసిన విషయ మొకటి గలదు. 1998 నాటి నియమముల ననుసరించి, జంతువులపై ప్రయోగములు చేయు ప్రతి సంస్థయందును ఒక నైతికసంఘ ముండవలెను. అందు శాస్త్రజ్ఞులు, పశువైద్యుడు మాత్రమే చాలరు. శాస్త్రజ్ఞుడు కాని, లోకజ్ఞానము గల పౌరు డొక డుండితీరవలెను. ఊరిలో గట్టుతగవు తీర్చునపుడు ఇరుపక్షములకును చెందనివానిని మీరు కూర్చుండబెట్టుదురు గదా, ఇదియు నట్టిదే. ఆ కుర్చీలోని మనిషి తల యూపుటకే పరిమితుడైనచో చట్టము కాగితమే యగును. "ఇన్ని జీవములు ఎందుకు? వేఱు దారి వెదకితిరా? బాధ తగ్గించితిరా?" యని అడిగినచో మూగదానికి నోరు వచ్చినట్లగును.

శిబిచక్రవర్తి కథ మీకు తెలియును. పావురము ప్రాణ మడిగెను, డేగ ఆహార మడిగెను. రెండును న్యాయమే. తన దేహమును త్రాసులో బెట్టినందున ఆ రాజునకు బరువు తెలిసెను. మనము మన మాంసము నిచ్చుట లేదు. ఇతరజీవుల దానిని తూచుచున్నాము. కావుననే త్రాసు పట్టినవాని చేయి మఱింత జాగ్రత్తగా నుండవలెను. మీ మనుమలలో ఒకడు రేపు ఆ ప్రయోగశాలలో ఉద్యోగి కావచ్చును. ఆ మూడు ప్రశ్నలను వానికి ఇప్పుడే నేర్పుడు.