గుజ్జనగూళ్ళ సామాను: పసిబిడ్డ ఉన్న ఇంట ఏవి తగును?

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ, నిజాంసాగరు కాలువల క్రింద వరి పండు సీమలోని పట్టణము. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఆ జలాశయమే ఈ ప్రాంతపు మాగాణికి ఆధారము. ఇట్టి ఊరి పిల్లలు ఆటలో వండునది సహజముగా అన్నమే. నాలుగేండ్ల బాలిక గడప ప్రక్కన కూర్చుండి, కొబ్బరిచిప్పలో ఇసుక పోసి, పుల్లతో కలిపి, "బువ్వ అయింది, రాండ్రి" అని పిలుచును. రెండున్నరేండ్ల తమ్ముడు వచ్చి ఆ చిప్పను లాగికొనును. ఎనిమిది నెలల చెల్లెలు ప్రాకివచ్చి ఇసుకలోని చింతగింజను నోట బెట్టుకొనును. చూచువారికి ఇది ఒకే ఆట. నిజమునకు మూడు ఆటలు. ఆ ఇంటికి అంగడినుండి బొమ్మల వంటసామాను తేదలచిన తల్లిదండ్రులు ఈ ముగ్గురిలో ఎవరిని దృష్టియందుంచుకొని కొనవలెను?

ఆటలో వంట

పిల్లలు ఉత్తుత్తి వంటలు వండి వడ్డించు ఆటను తెలుగువారు గుజ్జనగూళ్ళనియు, బువ్వలాట అనియు పిలిచిరి. ఇది కేవలము కాలక్షేపము కాదు. ఏడాది నిండిన శిశువు ఖాళీ గ్లాసు పెదవులకు తాకించి త్రాగినట్లు నటించును. రెండేండ్ల ప్రాంతమున బొమ్మకు తినిపించును. మూడు నాలుగేండ్లకు బియ్యము కడుగుట, వండుట, వడ్డించుట అను పనులను వరుసగా కల్పించుకొనును. తాను అమ్మయని, తమ్ముడు చుట్టమని పాత్రలు పంచును. ఒక వస్తువును మరియొకదానికి గుర్తుగా నిలుపు ఈ శక్తిని స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జాఁ పియాజే (1896-1980) 1945లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించెను. మాట, అంకె, పటము - ఇవన్నియు గుర్తులే గదా! ఇసుకను అన్నమని భావింపగల బాలిక చదువునకు సిద్ధమగుచున్నదన్నమాట.

రష్యా దేశపు మనస్తత్త్వవేత్త వైగాట్‌స్కీ 1933లో చేసిన ఉపన్యాసమున, కఱ్ఱపుల్లను గుఱ్ఱముగా భావించి స్వారిచేయు బాలుని ఉదాహరించెను. పుల్లకు గుఱ్ఱపు పోలిక ఉండనక్కరలేదు. కాళ్ళ మధ్య ఉంచుకొని పరుగెత్తుటకు వీలైన చాలును. అక్కడనే ఆయన అక్కచెల్లెండ్రాట ఆడుకొన్న ఇద్దరు అక్కచెల్లెండ్ర సంగతియు చెప్పెను. నిత్యజీవితములో గమనింపక చేయు పనిని వారు ఆటలో ఒక నియమముగా పాటించిరి. తోబుట్టువులున్న ఇంట ఈ ఆటకుగల విలువ ఇందువలన తెలియును.

దీనినుండి కొనువారు గ్రహింపదగినది ఒకటి కలదు. నటనకు కావలసిన సామాను చాల తక్కువ. నలువది ముక్కల పెట్టె తెచ్చినంత మాత్రమున ఆట పెరుగదు.

నోటి కొలత

పెద్దబిడ్డ ఆటకు ఊహ కొలతయైనచో, పసిబిడ్డ ఆటకు నోరే కొలత. ప్రాకు శిశువు ప్రతి వస్తువును నోటితో పరీక్షించును. కనుకనే మూడేండ్ల లోపువారి బొమ్మలకు ఒక కొలపాత్ర నిర్ణయింపబడినది. ఇది 31.7 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టము. దీని అడుగు ఏటవాలుగా నుండుటచే లోతు ఒకవైపు 25.4, మరియొకవైపు 57.1 మిల్లీమీటర్లుండును. ఏ ముక్క ఎట్లు త్రిప్పినను దీనిలో పూర్తిగా ఇమిడిపోవునో అది ఆ వయస్సువారికి తగదు.

ఈ పాత్రను తరగతిలోనే కాగితముతో చేయవచ్చును. వృత్తపు చుట్టుకొలతను 3.1416చే భాగించినచో వ్యాసము వచ్చును. 10 సెంటీమీటర్ల పొడవు, 5.7 సెంటీమీటర్ల వెడల్పు గల అట్టకాగితమును చుట్టి, పొడవు కొనలు ఒకదానిపై నొకటి ఎక్కకుండ అంటించినచో, 31.8 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టమగును. ఏటవాలు లేకుండుటచే ఇది అసలు పాత్రకంటె కొంత కఠినమైన పరీక్ష. ఇంటి అవసరమున కదియే మేలు. 27 మిల్లీమీటర్ల పదిరూపాయల నాణెము ఇందులో సులభముగా పడును. చింతగింజ, వేరుసెనగ పలుకు, గోలీ వీని సంగతి చెప్పనక్కరలేదు. గురివింద గింజలో అబ్రిన్ అను తీవ్రవిషము కూడ నుండుటచే దానిని పిల్లల ఆటలోనికే రానీయరాదు.

ఇంత జాగ్రత్త ఏల? శిశువు శ్వాసనాళపు వ్యాసము తొలి సంవత్సరమున సుమారు 4, 5 మిల్లీమీటర్లు మాత్రమే. గొట్టములో నిలకడగా సాగు ప్రవాహమునకు కలుగు నిరోధము వ్యాసార్ధపు నాలుగవ ఘాతమునకు విలోమానుపాతములో నుండును. 5 మిల్లీమీటర్ల నాళము లోపల చుట్టును ఒక్క మిల్లీమీటరు వాచినచో దారి 3 మిల్లీమీటర్లగును. నిరోధము దాదాపు 8 రెట్లగును. పెద్దవారి 18 మిల్లీమీటర్ల నాళమునకు అంతే వాపు వచ్చినచో నిరోధము 1.6 రెట్లు మాత్రమే. పెద్దవారికి దగ్గు తెప్పించునది శిశువునకు ప్రాణాంతకమగుట ఇందుచేతనే.

లక్కపిడతలు

తెలుగునాట ఈ ఆటకు పేరొందిన సామాను లక్కపిడతలు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు లక్కకడ్డీని ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరిగి కఱ్ఱకు పూతవలె అంటుకొనును. లక్క యొక జాతి పురుగు స్రవించు జిగురు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. చెట్ల ఆకులు, వేళ్ళు, గింజలనుండి తీసిన రంగులను వాడు పద్ధతిని అచ్చటి కళాకారులు పునరుద్ధరించిరి.

పూత మంచిదైనను కొలత ప్రశ్న మిగిలియే యున్నది. లక్కపిడతలలో బొటనవ్రేలంత చెంబులు, మూతలు, రోటిలోని పొత్రములు ఉండును. భారతదేశమున 14 ఏండ్ల లోపువారి బొమ్మలకు 2021 జనవరి 1నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. అయితే నమోదైన హస్తకళాకారులు చేయు బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందినవానికిని ఆ నియమమునుండి మినహాయింపు కలదు. చేతిపనివారికి ఈ మినహాయింపు న్యాయమే. కాని అట్టి బొమ్మను ఇంటికి తెచ్చినప్పుడు కొలిచి చూచు బాధ్యత కొన్నవారిదే. కాగితపు గొట్టము అప్పుడు అక్కరకు వచ్చును.

దీపములు, రంగులు

ఎఱ్ఱని దీపము వెలుగు ఉత్తుత్తి పొయ్యిలలో బిళ్ళ బ్యాటరీ ఉండవచ్చును. మ్రింగిన బ్యాటరీ గొంతుగొట్టమున చిక్కినచో, అచ్చటి తడిద్వారా విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువమువద్ద తీవ్రమైన క్షారము పుట్టును. రెండు గంటలలోనే లోపలి కండ కాలిపోవచ్చును. మ్రింగెనను అనుమానము కలిగినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కావున మర బిగింపు మూత లేని బొమ్మ పనికిరాదు. దీపమే లేనిది మరింత మేలు. పెచ్చులూడు పాత రంగులలో సీసముండవచ్చును. నోటిద్వారా చేరిన సీసమును పిల్లల శరీరము పెద్దవారికంటె నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహించును. అది మెదడు పెరుగుదలకు హాని చేయును.

ఏవి కొనవలెను?

రెండు గిన్నెలు, రెండు గంటెలు, మూడు పళ్ళెములు, ఒక మూత, గుండ్లు గాని పూసలు గాని లేని ఒక గుడ్డబొమ్మ - ఇవి చాలును. ఒక్కొక్కటి పసివాని గుప్పిటకంటె పెద్దదై, అంచు నునుపై, పిడి లాగినను ఊడనిదై యుండవలెను. గంటెలు రెండుండుట దుబారా కాదు: ఒకటి అక్క వండుటకు, ఒకటి తమ్ముడు గిన్నె వాయించుటకు. వంటింటిలోని చిన్న స్టీలు గిన్నెలు కూడ ఇందుకు సరిపోవును. చెల్లెలు వానిని నోటబెట్టుకొన్నను హాని యుండదు, కడిగిన చాలును.

పెద్దబిడ్డకు లక్కపిడతలపై మనసైనచో నిరాకరింపనక్కరలేదు. మూతగల డబ్బాలో, ఎత్తైన అరపై నుంచి, చెల్లెలు నిద్రించునప్పుడు పెద్దవారి యెదుట తీయవచ్చును. తిరిగి పెట్టునప్పుడు ముక్కలు లెక్కింపవలెను. అయితే "చెల్లె నోట్లో పెట్టకుండ చూడు" అని నాలుగేండ్ల పిల్లకు కాపలా అప్పగింపరాదు. ఆటలో మునిగిన పిల్లకు అది మోయరాని బరువు. అది పెద్దల పని.

పెద్దబిడ్డ ఊహకు కొద్ది వస్తువులు చాలును; పసిబిడ్డ భద్రతకు పెద్ద వస్తువులు కావలెను. ఈ రెండు కోరికలకును వైరుధ్యము లేదు. కొద్దిగా, పెద్దవిగా, సాదాగా నున్న సామాను ఇద్దరికిని పనికివచ్చును. అప్పుడు గడప ప్రక్కన "బువ్వ అయింది" అని అక్క పిలిచినప్పుడు ముగ్గురును ఒకే పంక్తిలో కూర్చుండగలరు.