పడి ఉన్న ట్రక్కు ఎందుకు కదలదు?

అమెరికా పల్లెల్లో 1950ల నాటి షెవర్లే 3100 పికప్ ట్రక్కులు కొన్ని పాకల్లో ఏళ్లతరబడి పడి ఉంటాయి. దొరికింది కదాని వెంటనే స్టార్ట్ చేయకూడదు!

తేమకు సిలిండర్ గోడలు తుప్పుపట్టి, పిస్టన్ రింగులు అతుక్కుపోతాయి. ఇంజన్‌ను బలవంతంగా తిప్పితే అవి విరుగుతాయి. అందుకే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త నూనె పోసి, రెండు మూడు రోజులు నాననిస్తారు. తర్వాత పెద్ద స్పానర్‌తో ఇంజన్‌ను మెల్లగా చేత్తోనే తిప్పుతారు. కదిలిందా, సగం గెలిచినట్టే.

మరి పెట్రోలు? తేలికైన భాగం ఆవిరైపోతుంది. మిగిలింది ఆక్సిజన్‌తో కలిసి బెల్లంపాకంలా జిగురెక్కి, కార్బురేటర్‌లోని సన్నని దారులను మూసేస్తుంది. ట్యాంకు కడగాల్సిందే.

ఇంజన్ మోగినా అప్పుడే రోడ్డెక్కొద్దు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. దాంతో బ్రేకు సిలిండర్లూ తుప్పుపడతాయి. ముందు వాటిని బాగుచేయాలి.